సైట్ ప్లాన్ ఏ రూపంలో తెచ్చుకోవాలి: బొమ్మా, పీడీఎఫ్ఫా, డీడబ్ల్యూజీయా?

ఇల్లు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్‌లో కింద పరుచుకునే సైట్ ప్లాన్, అంటే స్థలం హద్దులూ కొలతలూ చూపే నక్షా, ఏ రూపంలో ఉంటే మేలో ముందే చెప్పేస్తాను. డీడబ్ల్యూజీ, అంటే ఆటోక్యాడ్ లాంటి డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ (క్యాడ్) ఫైల్, దొరికితే డీడబ్ల్యూజీనే తీసుకోండి. కానీ అదే ప్లాన్ పీడీఎఫ్ కూడా పక్కన లేకపోతే నేనైతే దాన్ని నమ్మను. ఈ రెండో మాట నేర్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది, ఎందుకంటే క్యాడ్ ఫైల్ అంటే కొలతలన్నీ కచ్చితంగా ఉంటాయని, దానికి మళ్లీ స్కేల్ చూసుకోవడం ఏమిటని అందరిలాగే నేనూ అనుకున్నాను.

అన్నిటికంటే బలహీనమైన బొమ్మ దగ్గర మొదలుపెడదాం. ఎవరో వాట్సాప్‌లో పంపిన జేపీజీ, పాత కాగితానికి తీసిన స్కాన్, ఇలాంటివి. 1:500 స్కేల్‌లో (కాగితం మీద 1 అంటే నేల మీద 500) గీసిన షీట్‌ని 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కలతో, స్కాన్ చేస్తే ఒక్కో పిక్సెల్ నేల మీద 4.2 సెంటీమీటర్లకు సమానం. హద్దు గీత 0.35 మిల్లీమీటర్ల మందంలో ఉంటే ఆ గీత ఒక్కటే నేల మీద 17.5 సెంటీమీటర్ల వెడల్పు. మరి హద్దు ఆ గీతకి లోపలి అంచా, బయటి అంచా, మధ్యనా? సాఫ్ట్‌వేర్ చెప్పదు. పైగా బొమ్మలో గీతలకి స్నాప్ పడదు, అంటే కర్సర్ గీత చివరకి దానంతటదే అతుక్కోదు, మీ కంటితో క్లిక్ చేయడమే.

స్కేల్ చేయడం, అంటే ప్లాన్‌ని అసలు సైజుకి తేవడం, మాత్రం తేలికే. ఆటోక్యాడ్‌లో స్కేల్ కమాండ్ ఇచ్చి రిఫరెన్స్ ఎంచుకుని, తెలిసిన కొలత రెండు చివర్లూ క్లిక్ చేసి అసలు పొడవు కొడితే చాలు. త్రీడీ మోడల్ చేసే స్కెచప్‌లో టేప్ మెజర్‌తో రెండు బిందువులు కొలిచి పొడవు టైప్ చేస్తే, మోడల్ సైజు మార్చాలా అని అదే అడుగుతుంది. అక్కడ ఒక్క జాగ్రత్త: అప్పటికే పక్కన ఇల్లు సగం కట్టేసి ఉంటే అవునని నొక్కగానే ఇల్లు కూడా సాగిపోతుంది, కాబట్టి ప్లాన్‌ని గ్రూప్ చేసి ఆ గ్రూప్ లోపలికి వెళ్లి కొలవండి. భవనాలు మోడల్ చేసే రెవిట్‌లో స్కేల్ టూల్ ఉంది, రెండు క్లిక్కులకు తోడు మూడోది కూడా అడుగుతుంది, అంతే.

అసలు తప్పు జరిగేది ఏ కొలత పట్టుకుని స్కేల్ చేశారన్న దగ్గర. నేనొకసారి 1:500 స్కాన్‌లో గేటు వెడల్పు 3.6 మీటర్లు అని స్పష్టంగా రాసి ఉందని దాన్నే పట్టుకున్నాను. కాగితం మీద అది 7.2 మిల్లీమీటర్లు, అంటే 85 పిక్సెళ్లు. ఒక్క పిక్సెల్ అటు క్లిక్ పడింది. ఒక శాతం పైచిలుకు తేడా, దాందేముంది అనిపిస్తుంది గానీ 45 మీటర్ల పక్క హద్దు దగ్గరికొచ్చేసరికి అది అరమీటరు అయి కూర్చుంది. సెట్‌బ్యాక్ (హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ) సరిపోయిందనుకుని గోడలు గీసుకుంటూ పోయాను, సర్వే కొలతలు వచ్చాక మొత్తం మళ్లీ జరపాల్సి వచ్చింది. అదే ఒక్క పిక్సెల్ తప్పు 45 మీటర్ల గీత మీద చేసి ఉంటే గేటు దగ్గర తేడా 3 మిల్లీమీటర్లు. అందుకే షీట్‌లో దొరికే అతి పొడవైన కొలతనే పట్టుకోండి. కింద మూల గీసే స్కేల్ బార్ కూడా గేటు లాంటిదే, పొట్టిది, దాన్ని ఆఖరి దారిగా ఉంచుకోండి.

స్కేల్ అయ్యాక అడ్డంగా ఒక కొలత, నిలువుగా ఒక కొలత, కుదిరితే ఒక ఐమూల కొలత చూడండి. అడ్డం సరిపోయి నిలువు తేడా వస్తే స్కానర్ కాగితాన్ని సాగదీసిందని అర్థం, ఎక్స్ వైపు ఒక లెక్క, వై వైపు ఒక లెక్క ఇచ్చి సరిచేసుకోవచ్చు. టేబుల్ మీద పెట్టి ఫోన్‌తో వంకరగా తీసిన ఫొటో అయితే అది కూడా కుదరదు, దూరపు అంచు చిన్నగా, దగ్గరి అంచు పెద్దగా ఉంటుంది. దాని మీద సమయం పోసే బదులు సరిగ్గా స్కాన్ చేసి పంపమని అడగడం నయం.

ఇక పీడీఎఫ్. ఇందులో రెండు జాతులున్నాయి, పేరు ఒకటే. బాగా జూమ్ చేయండి. గీత పదునుగానే ఉంటే వెక్టర్ (గీతల్ని గీతలుగానే దాచింది), మెట్లు మెట్లుగా చెదిరితే అది పీడీఎఫ్ చొక్కా తొడుక్కున్న బొమ్మ, పైన చెప్పిందంతా దానికీ వర్తిస్తుంది. వెక్టర్ పీడీఎఫ్ అయితే ఆటోక్యాడ్‌లోనూ రెవిట్‌లోనూ గీతల చివర్లకు స్నాప్ అవుతుంది కాబట్టి క్లిక్ తప్పు అనేదే దాదాపు ఉండదు. నా లెక్కలో చిన్న ప్లాట్లకి, ఉన్న ఇంటికి గది కలపడం లాంటి పనులకి ఇదే అన్నిటికంటే సుఖమైన దారి. కొలతలు కంటికి కనిపిస్తుంటాయి, గీతలు కదలవు, ఫాంట్ దొరకలేదన్న గోల లేదు.

కానీ షీట్ మీద 1:200 అని రాసి ఉంది కదా, 200 రెట్లు పెంచేద్దాం అనుకోకండి. ఆ మాట అసలు కాగితం సైజుకి మాత్రమే నిజం. ఏ1 షీట్‌ని ఏ3కి కుదించి పీడీఎఫ్ చేస్తే 1:200 కాస్తా 1:400 అవుతుంది, ఏ3ని ఏ4కి కుదిస్తే 1:283 లాంటి ఎవరూ వాడని స్కేల్ తయారవుతుంది, రాత మాత్రం 1:200 అనే ఉంటుంది. ప్రింట్ చేసేటప్పుడు పేజీకి సరిపెట్టు అన్న టిక్ ఒక్కటి చాలు. రాసిన కొలతని నమ్మండి, రాసిన స్కేల్‌ని కాదు.

ఆటోక్యాడ్ 2017 నుంచి పీడీఎఫ్‌ని నేరుగా గీతలుగా మార్చుకునే వీలుంది, రెవిట్‌లోకి 2020 నుంచి పీడీఎఫ్ తేవచ్చు. గీతలుగా మార్చడం మీద నాకంత మోజు లేదు. పీడీఎఫ్‌లో వృత్తం అనేదే ఉండదు, బెజియర్ వంపులుగా దాస్తుంది, కొన్ని రకాల అక్షరాలు చిన్న చిన్న గీతల కుప్పగా వస్తాయి, అవన్నీ ఏరుకుంటూ కూర్చోవడం కన్నా కింద పరిచి కావలసిన హద్దు, రోడ్డు అంచు, చెట్లు మాత్రం పైన గీసుకుంటే పావుగంటలో అయిపోతుంది.

డీడబ్ల్యూజీ ఎందుకు మేలంటే, నేల ఎత్తుపల్లాలు కూడా అందులోనే వస్తాయి. కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు) వాటి వాటి ఎత్తుల్లో ఉంటే నేల మోడల్ నేరుగా తయారవుతుంది, ఆ పని బొమ్మతో గానీ పీడీఎఫ్‌తో గానీ అవదు. ఏటవాలు సైటు, పెద్ద సైటు అయితే ఇంక వేరే ఆలోచనే అక్కర్లేదు.

అయితే ఫైల్ లోపల ఉండేవి ఉత్త అంకెలు. 30 అంటే మీటర్లా, మిల్లీమీటర్లా, అడుగులా అన్నది ఇన్‌సూనిట్స్ (INSUNITS) అనే ఒక సెట్టింగ్ చెప్పాలి, అందులో 4 ఉంటే మిల్లీమీటర్లు, 6 ఉంటే మీటర్లు, 1 ఉంటే అంగుళాలు, 0 ఉంటే ఏదీ కాదు. గీసినవాళ్లు దాన్ని పట్టించుకోకుండా వదిలేస్తే సాఫ్ట్‌వేర్ తనకు తోచింది అనుకుంటుంది. 30 మీటర్ల ప్లాట్ 762 మీటర్లుగా కనిపించిందా, మిల్లీమీటర్లని అంగుళాలనుకుంది, 25.4తో భాగించండి. అగ్గిపెట్టెలో పట్టేంత కనిపించిందా, మీటర్లని మిల్లీమీటర్లనుకుంది, వెయ్యి రెట్లు పెంచండి. 304.8 రెట్ల తేడా కనిపిస్తే అడుగులకీ మిల్లీమీటర్లకీ మధ్య గొడవ. ఇవి పెద్ద తప్పులు కాబట్టి వెంటనే దొరికిపోతాయి, అదే బొమ్మలో వచ్చే ఒక శాతం తప్పు నోరు మూసుకుని చివరిదాకా మీతో వస్తుంది, ఆ లెక్కన డీడబ్ల్యూజీనే నిజాయితీపరురాలు. సరిచూసుకోవడానికే పీడీఎఫ్ పక్కన ఉండాలన్నది.

ఇంకో చిక్కు, సర్వే కోఆర్డినేట్లు, అంటే ప్లాట్ ఎక్కడుందో చెప్పే సర్వే అంకెలు. ప్లాట్ సున్నా దగ్గర కాకుండా లక్షల మీటర్ల దూరంలో ఉంటుంది. రెవిట్ తన మూలబిందువు నుంచి 16 కిలోమీటర్ల పరిధి దాటితే గీతలు సరిగ్గా చూపించలేదు, స్కెచప్‌లో అయితే గీతలు వణుకుతాయి, ముఖాలు మాయమవుతాయి. రెవిట్‌లో సెంటర్ టు సెంటర్ పద్ధతిలో (ప్లాన్ మధ్యని మోడల్ మధ్యకి కలిపి) లింక్ చేసి ఆ తర్వాత ఆ ఫైల్ నుంచి కోఆర్డినేట్లు తీసుకోమని చెప్పండి. స్కెచప్‌కైతే ఫైల్ కాపీని సున్నా దగ్గరికి జరిపి, ఎంత జరిపారో రాసి పెట్టుకోండి. కాంటూర్లున్న ఫైల్‌లో దూరం కొలిచేటప్పుడూ చూసుకోండి, రెండు బిందువులు వేర్వేరు ఎత్తుల్లో ఉంటే మీకు వచ్చేది ఏటవాలు దూరం, ప్లాన్ దూరం కాదు. నేను దీనికే ఒకసారి సర్వేయర్‌ని అనవసరంగా అనుమానించాను.

ఫైల్‌ని బయటే ఉంచి చూపించే లింకా, లోపలికి లాగేసే ఇంపోర్టా అంటే లింకే. సర్వే మారితే కొత్త ఫైల్ అదే పేరుతో పెట్టి రీలోడ్ చేస్తే సరి. ఇంపోర్ట్ చేసి పైగా ఎక్స్‌ప్లోడ్ కొట్టి ముక్కలుగా విడదీస్తే వాళ్ల లేయర్లు (గీతల్ని వేరువేరుగా పెట్టే పొరలు), గీతల రకాలు, ఫాంట్లు మొత్తం మీ ఫైల్‌లో కాపురం పెడతాయి.

ఏ దారిన వచ్చినా ఒక పరీక్ష మాత్రం మానను: హద్దు చుట్టూ ఒక పాలీలైన్ (ఒకే ముక్కగా సాగే గీత) గీసి వైశాల్యం చూసి, కాగితంలో రాసిన దాంతో పోల్చడం. పొడవులో ఒక శాతం తప్పుంటే వైశాల్యంలో రెండు శాతం కనిపిస్తుంది కాబట్టి చిన్న తప్పు కూడా కాస్త పెద్దగా బయటపడుతుంది. బొమ్మ ఒక్కటే దిక్కైతే దాంతో ఆలోచనలు గీసుకోండి, హద్దుకి ఆనుకుని మాత్రం ఏదీ ఖాయం చేయకండి.

సరిపోయిందనుకున్నాక, ఉత్తరం వైపు తిప్పడం కూడా అయ్యాక, ప్లాన్‌ని పిన్ చేయండి లేదా ఆ లేయర్‌ని లాక్ చేయండి. ఒకసారి నా మౌస్ తగిలి అది పక్కకి జరిగింది, నాలుగు రోజులు తెలియలేదు.