ప్లగ్గులో పెట్టే వాట్ మీటరు: మూడు నెలలు వాడాక

హైస్కూలు పిల్లలకి పదిహేనేళ్లుగా ఓమ్ నియమం చెప్తున్నాను. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే నిరోధం, గుణిస్తే పవర్. బోర్డు మీద ఎన్ని వందల లెక్కలు చేశానో గుర్తు లేదు కానీ, ఇంట్లో ఉన్న ఒక్క వస్తువుకైనా ఆ రెండూ కొలిచి చూసింది లేదు. సాకెట్‌కీ వస్తువుకీ మధ్యలో పెట్టే ఈ చిన్న మీటరు కొన్నది ఆ సిగ్గుతోనే. వోల్టులు, ఆంపియర్లు, వాట్లు, పవర్ ఫ్యాక్టర్ (వోల్టులని ఆంపియర్లతో గుణిస్తే వచ్చేదాంట్లో నిజంగా ఖర్చయ్యే పవర్ ఎంత భాగమో చెప్పే అంకె), వాడిన యూనిట్లు చూపిస్తుంది. ఓమ్‌లు మాత్రం చూపించదు. మొదట అది లోపమే అనుకున్నాను.

ముందు నీళ్ల హీటర్ రాడ్‌తో మొదలుపెట్టాను. దాని మీద 230 వోల్టులు, 1500 వాట్లు అని ఉంది. అంటే 230ని 230తో గుణించి 1500తో భాగిస్తే 35.3 ఓమ్‌లు రావాలి. రాడ్‌ని నీళ్లలో పెట్టి స్విచ్ వేస్తే మీటరు 228 వోల్టులు, 6.46 ఆంపియర్లు, 1472 వాట్లు చూపించింది. 228 బై 6.46 సరిగ్గా 35.3. పుస్తకంలో లెక్క నిజమైనందుకు టీచర్ ఇంత సంబరపడకూడదేమో, కానీ నేను పడ్డాను.

అసలు ఉపయోగం రెండో వారంలో తెలిసింది. అదే రాడ్‌ని ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి పెట్టి, మీటరుని బాక్స్‌కీ రాడ్‌కీ మధ్యలో ఉంచాను. 219 వోల్టులు, 6.20 ఆంపియర్లు. పవర్ 1358 వాట్లకి పడిపోయింది. రాడ్ నిరోధం మారలేదు, 219 బై 6.20 అన్నా అదే 35.3. వోల్టేజి 4 శాతం తగ్గితే పవర్ 8 శాతం దాకా తగ్గింది, ఎందుకంటే పవర్ వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. మరి మిగతా వోల్టులు ఎక్కడికి పోయాయి?

కాగితం తీసుకున్నాను. ఏ లోడూ లేనప్పుడు సాకెట్‌లో 231 వోల్టులు. రాడ్ నేరుగా పెడితే 3 వోల్టుల డ్రాప్, అంటే గోడలో వైరింగుది 0.46 ఓమ్. బాక్స్ మీదుగా పెడితే 12 వోల్టుల డ్రాప్, మొత్తం 1.94 ఓమ్‌లు. గోడ వాటా తీసేస్తే బాక్స్ ఒక్కదానిదే దాదాపు ఒకటిన్నర ఓమ్. అంతేనా అనిపిస్తుంది. కానీ కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణించి చూడండి: 6.2 ఇంటూ 6.2 ఇంటూ 1.47, అంటే 56 వాట్లు. పాతకాలం 60 వాట్ల బల్బు వేడంతా బాక్స్ లోపల, వైరులో కూర్చుని ఉందన్నమాట. ప్లగ్ లాగేసి బాక్స్ వెనక తడిమితే ఒక మూల చెయ్యి పెట్టలేనంత వేడి. విప్పి చూస్తే ఒక స్క్రూ లూజు, దాని దగ్గర ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగింది. స్క్రూ బిగించి మళ్లీ కొలిచాను: 226 వోల్టులు, 6.40 ఆంపియర్లు. బాక్స్ నిరోధం 0.32కి దిగింది, వేడి 13 వాట్లు. అయినా ఆ బాక్స్‌ని ఇప్పుడు టేబుల్ ల్యాంపుకి తప్ప దేనికీ వాడట్లేదు.

మీటరు ఓమ్‌లు చూపించకపోవడం మంచిదేనని బల్బుల దగ్గర అర్థమైంది. అటక మీద దొరికిన 60 వాట్ల ఫిలమెంట్ బల్బుని విడిగా మల్టీమీటర్‌తో కొలిస్తే 64 ఓమ్‌లు. వెలిగించి ఈ మీటరుతో లెక్క కడితే 880. రెండూ నిజమే, తెల్లగా కాలే టంగ్‌స్టన్ నిరోధం అన్ని రెట్లు పెరుగుతుంది. స్విచ్ వేసిన క్షణంలో అది మూడున్నర ఆంపియర్ల దాకా లాగుతుందన్నమాట. ఈ మీటరు సెకనుకి ఒకసారే అంకె మారుస్తుంది కాబట్టి ఆ క్షణం దానికి చిక్కదు.

తర్వాత 9 వాట్ల ఎల్ఈడీ బల్బు: 229 వోల్టులు, 0.076 ఆంపియర్లు. గుణిస్తే 17.4 రావాలి, తెర మీద 9.0 అని ఉంది. మీటరు పాడైందనుకుని కాసేపు టెన్షన్ పడ్డాను. బటన్ నొక్కితే పవర్ ఫ్యాక్టర్ 0.52 కనిపించింది. దాంతో గుణిస్తే సరిపోయింది. బోర్డు మీద నేను ఎప్పుడూ చెప్పని మూడో అంకె అదే. వోల్టేజి, కరెంటు మాత్రమే చూపించే చవక రకం కొంటే ఈ బల్బుకి రెట్టింపు పవర్ రాసుకునేదాన్ని.

ఇక విసుగులు. వోల్టులు ఒక తెర, ఆంపియర్లు ఇంకో తెర, రెండూ కలిపి కనబడవు. ఒకటి రాసుకుని బటన్ నొక్కేలోపు వోల్టేజి కదులుతుంది, అందుకే నా గుణకారానికీ దాని వాట్లకీ ఒకటి రెండు అంకెల తేడా వస్తూనే ఉంటుంది. తెరకి లైటు లేదు. సాకెట్ కింద ఉంటే ఫోన్ టార్చి వేసుకుని నేల మీద కూర్చోవాల్సిందే. ఖాళీగా పెట్టిన ఫోన్ ఛార్జర్‌కి 0.0 అంటుంది. అంత చిన్న కరెంటు దాని చూపుకి ఆనదు, సున్నా అని నమ్మకండి. ఐదుకి మూడున్నర స్టార్లు, ఆ తెర సంగతి సరిచేస్తే ఇంకోటి ఇస్తాను.

ఇప్పుడు మీటరు మా అమ్మాయి చేతిలో ఉంది. నిన్న ఇస్త్రీపెట్టె లెక్క రాస్తూ మధ్యలో ఆగిపోయింది. థర్మోస్టాట్ కట్ అయి కరెంటు సున్నాకి పడింది.

"అమ్మా, 228 బై 0 ఎంత?"