గేర్ వైర్ సెట్టు: పాత పూసలకు ఎంతవరకు పనికొస్తుంది?

కడప వై.వీ. స్ట్రీట్‌లోనూ దాని పక్క సందుల్లోనూ ఉన్న ఫ్యాన్సీ అంగళ్ళలో నగల తయారీ సామాను విడివిడిగానూ దొరుకుతుంది, ప్లాస్టిక్ డబ్బాలో సెట్టుగానూ దొరుకుతుంది. సెట్టులో ఒక గేర్ వైర్ (పూసలు గుచ్చే స్టీలు తీగ) చుట్ట, గేర్ లాకుల (తీగ కొసను నొక్కి పట్టే చిన్న లోహపు పూసల) పొట్లం, జంప్ రింగులు (ముక్కలను కలిపే, తెరిచి మూసే చిన్న రింగులు), ఎస్ హుక్కులు, కొన్ని ఐ పిన్నులు (కొసన చిన్న రింగున్న తీగ ముక్కలు), హెడ్ పిన్నులు (కొసన గుండీలాంటి తలున్నవి), మూడు చిన్న ప్లయర్లు ఉంటాయి. బ్రాండు పేరేమీ ఉండదు. కొత్త మోనాలిసా పూసలతోనో ఆనిక్స్‌తోనో దండ గుచ్చేవాళ్ళ కోసం అమ్మే సరుకు ఇది. ట్రంకుపెట్టెలో తెగి పడున్న అవ్వ పూసల పేట, జత పోయిన ఒంటి కమ్మ, విరిగిన పట్టీల మువ్వలు, చిల్లి పైసా ఇలాంటివి కలిపి కొత్త నగ చేసుకోవాలనుకునేవాళ్ళకు ఇదే సెట్టు సరిపోతుందా అన్నది ఇక్కడ చూద్దాం.

తీర్పు ముందే చెప్పేస్తాం. తీగ మంచిదే, అయితే అన్ని పూసలకూ కాదు. లాకులు ఫర్వాలేదు. ప్లయర్లలో రెండు బాగుంటాయి, కట్టర్ బాగుండదు. జంప్ రింగులు సెట్టులో వచ్చినవి వాడొద్దు, విడిగా ఏరి కొనుక్కోండి. మొత్తం మీద ఐదుకు మూడున్నర.

గేర్ వైర్ అంటే సన్నటి స్టీలు పోగులను పురిపెట్టి, పైన నైలాన్ పూత వేసిన తీగ. చవక రకంలో ఏడు పోగులుంటాయి. 19 పోగులవీ, 49 పోగులవీ దారంలా మెత్తగా వంగుతాయి కానీ ఇక్కడి అంగళ్ళలో అరుదు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే. మందం చుట్ట మీద రాసుంటుంది. ఎక్కువగా కనిపించేవి 0.38 మి.మీ., 0.45 మి.మీ. రకాలు. పాత పూసలకు 0.38 తీసుకోండి. సన్నగా ఉంది, తెగిపోతుందేమోనని చాలామంది లావుది కొంటారు. గేర్ వైర్ దండ నడుమ తెగడం అరుదు, తెగేది కొస దగ్గర, లాకు పక్కన. అక్కడ లావు తీగ కాపాడదు, లాకు సరిగ్గా వేయడమే కాపాడుతుంది.

పాత గాజు పూసలకు ఈ తీగ ఎందుకు మంచిదంటే, వాటి బెజ్జం అంచులు పదునుగా ఉంటాయి. కరిగిన గాజును కడ్డీ మీద చుట్టి చేసిన పూస అయితే గాజు గీతలు బెజ్జం చుట్టూ తిరిగినట్టు కనిపిస్తాయి. కడ్డీకి గాజు అంటుకోకుండా పూసిన మట్టి తెల్లటి పొడిగా లోపలే మిగిలిపోతుంది. ఆ గరుకు దారాన్ని రంపంలా కోస్తుంది. తిరుపతి జిల్లా పాపానాయుడుపేటలో తరతరాలుగా చేసిన పూసల తీరు వేరు. అక్కడ గాజును గొట్టంలా లాగి, ముక్కలుగా నరికి, బూడిదలో కలిపి మళ్ళీ వేడిచేసి అంచులు మొద్దుబారుస్తారు. వాటిలో గీతలు బెజ్జం వెంట పొడుగ్గా పోతాయి, అంచు నున్నగా ఉంటుంది. అలాంటి పూసకు మామూలు నైలాన్ దారమూ సరిపోతుంది. పూసను వెలుతురుకు పట్టి గీతలు ఎటు పోతున్నాయో చూస్తే ఏది వాడాలో తేలిపోతుంది. చుట్టు గీతలైతే తీగ, పొడుగు గీతలైతే దారం.

తీగ కొనేముందు ఇంకో లెక్క ఉంది. తీగ పూసలోంచి ఒక్కసారి దూరితే చాలదు. కొస దగ్గర హుక్కును చుట్టి వెనక్కి వచ్చాక, మిగిలిన తోక చివరి రెండు మూడు పూసల్లోకి మళ్ళీ దూరాలి. అంటే ఆ పూసల బెజ్జంలో తీగ రెండు వరసలు పట్టాలి. 0.45 తీగకు 0.9 మి.మీ. కావాలి, 0.38 తీగకు 0.76. ముత్యాల బెజ్జం చాలావాటికి 0.7 నుంచి 0.8 మి.మీ. ఉంటుంది. అందులోకి బలవంతంగా తోస్తే బెజ్జం చుట్టూ పొర పెచ్చులూడుతుంది. అందుకే పాత పూసల్లో పెద్ద బెజ్జం ఉన్నవి నాలుగైదు ముందే ఏరి పక్కన పెట్టుకుని, వాటిని రెండు కొసల్లోకి వేసుకోవాలి.

ఇక లాకు. 18 అంగుళాల దండకు 24 అంగుళాల తీగ కోయండి, రెండు కొసలకూ మూడేసి అంగుళాలు మిగలాలి. 8 మి.మీ. పూసలైతే హుక్కు, రింగు పోను 54 దాకా పడతాయి. తీగకు లాకు ఎక్కించి, హుక్కు రింగులోంచి పోనిచ్చి, మళ్ళీ లాకులోకి వెనక్కి తీసుకురండి. లాకు లోపల రెండు తీగలూ పక్కపక్కన ఉండాలి, ఒకదాని మీదొకటి ఎక్కకూడదు. చాలా దండలు పాడయ్యేది ఇక్కడే. అడ్డంగా పడ్డ తీగల మీద లాకు నొక్కితే పైది కిందిదాన్ని కోస్తుంది. అప్పుడేమీ తెలియదు, నెలో రెండు నెలలో వేసుకున్నాక తెగుతుంది. లాకును సన్నముక్కు ప్లయర్‌తో ఒకే ఒత్తుతో చదును చేసి, తోకను గట్టిగా లాగి చూడండి. జారితే ఇంకో ఒత్తు ఒత్తండి. లాకు పగిలేదాకా, అంచులు కత్తిలా తేలేదాకా నలపకండి. హుక్కు చుట్టూ ఉచ్చును బిగదీయకండి, హుక్కు అటూఇటూ కదలాలి.

రెండో కొస వేసేటప్పుడు దండను బల్ల మీద సాగదీసి కాక, మెడ చుట్టూ ఉన్నట్టు వంపుగా పెట్టి లాకు నొక్కాలి. పూసల మధ్య మొత్తం మీద రెండు మూడు మిల్లీమీటర్ల సందు మిగలాలి. అది లేకపోతే దండ కర్రలా బిగుసుకుని మెడ మీద లేచి నిలబడుతుంది, లాకు దగ్గర తీగ రోజూ ఒకే చోట వంగి విరుగుతుంది. తీగ ఎక్కడైనా మడత పడితే దాన్ని సాపు చేద్దామని చూడొద్దు. ఆ ముక్క కోసి పారేయండి.

సెట్టులోని లాకులు 2 మి.మీ. ఇత్తడివి, పైన బంగారు పాలిష్. 0.38 తీగకు సరిపోతాయి. పొట్లంలో కొన్ని సగం నలిగినవీ, అంచు చీలినవీ వస్తాయి, వాటిని ముందే ఏరి పారేయాలి.

ఐ పిన్నులు, హెడ్ పిన్నులు గేజీ నంబరుతో, అంటే తీగ మందం చెప్పే నంబరుతో అమ్ముతారు. ఇక్కడే తికమక. మన అంగళ్ళలో తీగకు చెప్పే గేజీ ఎక్కువగా ఎస్.డబ్ల్యూ.జీ. (బ్రిటిష్ లెక్క), ఆన్‌లైన్‌లో చూసి నేర్చుకునే పాఠాల్లో చెప్పేది ఎ.డబ్ల్యూ.జీ. (అమెరికా లెక్క). 20 గేజీ అంటే ఆ లెక్కలో 0.81 మి.మీ., మన లెక్కలో 0.91. 22 గేజీ అంటే అక్కడ 0.64, ఇక్కడ 0.71. చూడ్డానికి తేడా తక్కువే కానీ 0.85 బెజ్జమున్న పాత స్ఫటికం పూసలోకి ఒకటి దూరుతుంది, రెండోది దూరదు. "ఏం కావల్లక్కా, ఇరవయ్యా ఇరవై రెండా?" అని అడిగితే నంబరు చెప్పకండి. ఒక పూస వెంట తీసుకుపోయి పిన్ను దూర్చి చూసి కొనండి. ఏ అంగట్లోనూ వద్దనరు.

జంప్ రింగుల దగ్గరికి వస్తే, ఒక చిన్న అయస్కాంతం తీసుకుపోండి. సెట్టులో వచ్చేవి చాలావరకు ఇనుపవి, పైన పలచటి పాలిష్. మన ఎండలకు, చెమటకు పాలిష్ పోయి తుప్పు తేలుతుంది, రవిక మెడ దగ్గర మరక పడుతుంది. అయస్కాంతానికి అంటుకోని ఇత్తడి రింగులు విడిగా గ్రాముల లెక్కన అమ్ముతారు, అవి తీసుకోండి. దండకు 4 నుంచి 5 మి.మీ. రింగు, 20 గేజీ. బరువైన పతకానికి 18 గేజీ. రింగును రెండు ప్లయర్లతో పట్టుకుని ఒక కొసను ముందుకు, ఇంకో కొసను వెనక్కి తిప్పి తెరవాలి, మూసేటప్పుడూ అంతే. కొసలను పక్కలకు లాగితే గుండ్రం చెడి మళ్ళీ అతుక్కోవు. ఆ సందులోంచే సన్నటి దారం జారిపోతుంది.

మూడు ప్లయర్లలో గుండ్రటి ముక్కుది, సన్నముక్కుది వాడుకోవచ్చు. కొనేటప్పుడు మూసి వెలుతురుకు పట్టి చూడండి. ముక్కు కొసల దగ్గర వెలుతురు సందు కనిపిస్తే ఇంకోటి అడగండి. సన్నముక్కు ప్లయర్ లోపల గళ్ళు ఉంటే పాత వెండి మీద గీతలు పడతాయి, ముక్కుకు తోలు ముక్క చుట్టుకుంటే సరి. కట్టర్ మాత్రం గేర్ వైర్‌ను కోయదు, నలుపుతుంది. కొస చీపురులా విచ్చుకుని పూసలోకి దూరదు. ఎలక్ట్రికల్ అంగట్లో చిన్న సైడ్ కట్టర్ కొనుక్కోండి.

ఈ సెట్టుతో అసలు చేయకూడని పూసలు కొన్నున్నాయి. ముత్యాలు, పగడాలు తీగ మీద గుచ్చితే ఒకదానికొకటి రాసుకుని అరిగిపోతాయి. వాటికి పట్టు దారమో నైలాన్ పురి దారమో తీసుకుని పూసకూ పూసకూ మధ్య ముడి వేయాలి. దండ పొడవుకు రెండింతల మీద ఒక జానెడు దారం పడుతుంది. పట్టు దారమైతే ముందు రోజు రాత్రి కింద చిన్న బరువు కట్టి వేలాడదీస్తే సాగాల్సినంత సాగుతుంది. ముడిని సూదిమొన మీద పట్టుకుని పూస దాకా జరిపాక సూది తీసి బిగించాలి, లేకపోతే ముడి మధ్యలోనే ఆగి తెల్లటి దారం కనిపిస్తుంది. చేపల గాలానికి వాడే ప్లాస్టిక్ తీగ దీనికి చాలు అని కొందరు అంటారు, వినకండి. అది సాగుతుంది, ఎండకు పెళుసై ఒక్కసారిగా తెగుతుంది.

లక్క నింపిన బంగారు గుండ్లు మరీ జాగ్రత్తగా చూసుకోవాల్సినవి. పైన రేకు చాలా పలచన, లోపలంతా లక్క. బెజ్జం మూసుకుపోయిందని వేడి సూది దూర్చినా, మురికి పోవాలని వేడినీళ్ళలో వేసినా లక్క కరిగి బయటికి వస్తుంది, గుండు సొట్టపోతుంది. వేసవిలో కారు డాష్‌బోర్డు మీద పెట్టడమూ అంతే ప్రమాదం. చల్లటి సూదితో నెమ్మదిగా తిప్పుతూ బెజ్జం తెరవాలి. నల్లపూసల సన్న పేటలకు గేర్ వైర్ పెడితే మెడ మీద ఒదగకుండా బిరుసుగా నిలబడతాయి. వాటికి 10 లేదా 12 నంబరు పూసల సూది, మైనం రాసిన నైలాన్ దారం.

కడిగే పద్ధతీ పూసను బట్టే. పగడం, ముత్యం సున్నపు జాతివి. చింతపండు, నిమ్మరసం తగిలితే మెరుపు పోయి పిండి తేలుతుంది, తిరిగి రాదు. తడి గుడ్డతో తుడవడం చాలు. పాత ప్లాస్టిక్ పూస ఏదో తేల్చుకోవడానికి కాల్చిన సూది గుచ్చకండి. సెల్యులాయిడ్ అయితే భగ్గున మండుతుంది. అన్నిటికన్నా ముందు, పాత పేట తెంపేముందు బల్ల మీద పెట్టి ఫోటో తీసుకోండి. చిన్న పూసలు కొసల్లో, పెద్దవి నడుమ వచ్చేలా పాతవాళ్ళు కూర్చిన వరస ఒకసారి చెదిరితే మళ్ళీ కూర్చడం చాలా కష్టం.

ఇతర ముక్కల్లో నాకు బాగా నచ్చేది చిల్లి పైసా. 1943 నుంచి 1947 దాకా వేసిన కంచు నాణెం, నడుమ పెద్ద చిల్లి. బెజ్జం పొడిచే పనే లేదు. అయితే చిల్లి నుంచి అంచు దాకా దాదాపు అర సెంటీమీటరు లోహం ఉంటుంది కనుక సెట్టులోని 4 మి.మీ. రింగు మూసుకోదు. 8 మి.మీ. పైన లోపలి వెడల్పున్న రింగు వేయాలి, లేదా దోరీని ఉచ్చులా తిప్పి కట్టాలి. ఇప్పుడు చలామణిలో ఉన్న నాణేలను మాత్రం ముట్టుకోవద్దు. నాణేలను కరిగించడం, ధ్వంసం చేయడం 2011 నాణేల చట్టం కింద నేరం. పాత వాచీల పళ్ళచక్రాలు వాడుకోవచ్చు. చీకట్లో వెలిగే అంకెలున్న పాత డయళ్ళు, ముళ్ళు మాత్రం వద్దు. 1960ల దాకా ఆ రంగులో నిజంగానే రేడియం కలిపేవారు. వెలుగు ఆగిపోయినా రేడియం పోదు, గీకితే వచ్చే పొడి ఊపిరితో లోపలికి పోతుంది.

సెట్టులో లేనిదీ, తప్పకుండా ఉండాల్సిందీ బెజ్జం సరిచేసే సూదిలాంటి ఆకురాయి, డైమండ్ పొడి అద్దినది. ఫ్యాన్సీ అంగళ్ళలో అడిగితే తెల్లమొహం వేస్తారు. కంసాలి పనిముట్లు అమ్మేచోట అడగాలి, బంగారు బజారు పెద్దది కాబట్టి ప్రొద్దుటూరులో దొరికే అవకాశం ఎక్కువ. గాజు పూసను గిన్నెలోని నీళ్ళలో ముంచి పట్టుకుని, ఆకురాయిని తిప్పుతూ ఒక పక్క నుంచి సగం దాకా, తిప్పి రెండో పక్క నుంచి మిగతా సగం అరగదీయాలి. ఒకే పక్క నుంచి తోసుకుంటూ పోతే అవతలి అంచు పెచ్చు ఊడుతుంది. పొడిగా అరగదీస్తే వేడెక్కి గాజు పగులుతుంది, గాజు పొడి ముక్కులోకి పోతుంది. ముత్యానికైతే రెండు మూడు తిప్పులు చాలు.