పోలండ్ వెల్డర్ పనికి డబ్బు కట్టే ముందు ఆ పర్మిట్ కాగితం చదివించుకోండి

సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం వైపు తమ్ముళ్ళ కోసం రాస్తున్నాను. శ్రీకాకుళంలో, పలాసలో ఇప్పుడు ఏ సెంటర్లో చూసినా యూరప్ వర్క్ వీసా ఫ్లెక్సీలే కనిపిస్తున్నాయి. నేను 4 లక్షల 50 వేలు కట్టి పోలండ్ వెళ్ళి, తొమ్మిది నెలలు ఉండి, 2025 ఆగస్టులో వెనక్కి వచ్చేశాను. ఇంకా అప్పు తీరలేదు. ఏజెంటు పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే పేరు మార్చుకుని ఇంకో వీధిలో బోర్డు పెట్టడం వాళ్ళకి ఒక్క రోజు పని. వాళ్ళు పని నడిపే పద్ధతి మాత్రం మారదు, మీరు గుర్తుపట్టాల్సింది దాన్నే.

మాది ఉద్దానం. 2018 తిత్లీ తుఫానుకి మా జీడి, కొబ్బరి చెట్లు చాలావరకు పడిపోయాయి, అప్పటి నుంచి ఇంట్లో నా వెల్డింగ్ మీదే నడుస్తోంది. ఐటీఐ చేశాను, 6జీ అనే పైప్ వెల్డింగ్ టెస్టు పాసయ్యాను, సౌదీలో రెండు షట్‌డౌన్లు, అంటే ప్లాంటు ఆపి చేసే మరమ్మతు పనులు, చేసి వచ్చాను. అంటే పని రానివాణ్ణి కాదు, విదేశం కొత్త కాదు. అయినా మోసపోయాను. అందుకే చెప్తున్నాను, గల్ఫ్ అనుభవం ఉంది కదా అని ధైర్యంగా ఉండకండి. గల్ఫ్ లెక్క వేరు, యూరప్ కాగితాల లెక్క వేరు.

ఆఫీసులో ఏసీ రూము, గోడ నిండా వీసా స్టాంపుల ఫొటోలు, టేబుల్ మీద చిన్న చిన్న జెండాలు. పైప్ వెల్డర్, నెలకు 1 లక్షా 10 వేలు చేతికి, రూము ఫ్రీ, రెండేళ్ళలో ఫ్యామిలీని తీసుకెళ్ళొచ్చు అన్నారు. అడ్వాన్స్ లక్ష, పర్మిట్ వచ్చాక లక్షన్నర, వీసా స్టాంపు పడ్డాక 2 లక్షలు. ఇవి కాక వీసా స్లాట్ కోసమని 25 వేలు, టికెట్ 52 వేలు నేనే పెట్టుకున్నాను. మావయ్య మా అత్తయ్య గొలుసు బ్యాంకులో పెట్టి లక్షన్నర ఇచ్చాడు, మిగతాది నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాను. ఏజెంటుకి ఫోన్‌పే చేసింది 50 వేలు మాత్రమే, అదీ ఎవరో మనిషి సొంత ఖాతాకి. మిగిలినదంతా నోట్లు. రసీదు అడిగితే "మన ఊరి వాళ్ళం, మన మధ్య రసీదులేంటి బాబూ" అన్నాడు. నాకూ గట్టిగా అడగడం మొహమాటమైంది.

అసలు సంగతి ఇక్కడుంది, కాస్త ఓపిగ్గా చదవండి. పోలండ్‌లో వర్క్ పర్మిట్‌కి దరఖాస్తు పెట్టేది మనం కాదు, మనకి పని ఇచ్చే కంపెనీ. అక్కడి ప్రాంతీయ ప్రభుత్వ ఆఫీసు దాన్ని ఇస్తుంది, ఆ కాగితం పట్టుకుని మనం ఇక్కడ డి టైపు నేషనల్ వీసాకి, అంటే ఎక్కువ కాలం ఉండే వీసాకి, వెళ్ళాలి. నాకు ఆ కాగితం వాట్సాప్‌లో వచ్చింది. అంతా పోలిష్ భాషలో ఉంది. నేను పైన నా పేరు చూసుకున్నాను, పాస్‌పోర్ట్ నంబరు సరిపోయిందో లేదో చూసుకున్నాను, కింద స్టాంపు చూసి సంతోషపడి మా ఇంట్లో అందరికీ ఫార్వర్డ్ చేశాను. మధ్యలో ఏముందో చదవలేదు. మధ్యలో "స్తనోవిస్కో" అని ఒక వరస ఉంటుంది, అంటే ఏ పోస్టు అని. నా కాగితంలో దాని పక్కన "ప్రాత్సోవ్నిక్ ప్రొదుక్త్సీ" అని ఉంది. అంటే ఫ్యాక్టరీ లేబర్. వెల్డర్‌ని పోలిష్‌లో "స్పావాచ్" అంటారు, ఆ మాట నా కాగితం మొత్తంలో ఎక్కడా లేదు. ఫోన్ కెమెరా పెట్టి గూగుల్‌లో అనువాదం చేసుంటే రెండు నిమిషాల్లో తెలిసిపోయేది. జీతం ఎంత, ఏ రకం కాంట్రాక్టు, ఎప్పటి వరకు, అన్నీ ఆ ఒక్క కాగితంలోనే ఉన్నాయి. నాకు ఇప్పటికీ నిద్రపట్టనిది ఆ విషయమే. సమాచారం నా ఫోన్‌లో మూడు నెలలు ఉంది.

నవంబరు చివర్లో ఎల్బ్లోంగ్ అనే ఊళ్ళో దిగాను. గ్దాన్స్క్ నుంచి 60 కిలోమీటర్లుంటుంది. ఇంచుమించు మన శ్రీకాకుళం టౌనంత ఊరు, మనకి నాగావళి ఉన్నట్టే ఊరి మధ్యలో ఏరు. ఊరు మంచిదే, జనం కూడా మంచివాళ్ళే, వాళ్ళని ఒక్క మాట అనను. కానీ డిసెంబరులో మధ్యాహ్నం మూడుంపావుకే పొద్దు గూకిపోతుంది. నాకిచ్చిన పని చేపల ప్యాకింగ్, రెండు మూడు డిగ్రీల చలి గదిలో. పర్మిట్ తీసుకున్నది ఆ ఫ్యాక్టరీ కాదు, మనుషుల్ని సప్లై చేసే ఒక ఏజెన్సీ. గదిలో మేం నలుగురం, ఇద్దరు నేపాలీలు, ఒకతను పంజాబీ. రూము ఫ్రీ కాదు, మంచానికి నెలకు 900 జ్లోటీలు (జ్లోటీ అంటే పోలండ్ డబ్బు).

కాంట్రాక్టుల గురించి కూడా తెలుసుకోండి. అక్కడ "ఉమోవా ఓ ప్రాత్సె" అంటే అసలైన ఉద్యోగ ఒప్పందం, దానికి జీతంతో సెలవులుంటాయి, ఓవర్‌టైమ్‌కి ఎక్కువ రేటు ఉంటుంది, కనీస నెల జీతం ఉంటుంది. "ఉమోవా జ్లెత్సేనియె" అంటే పని ఉన్నన్ని గంటలకే డబ్బులు. రెండోది చట్టవిరుద్ధం కాదు, కానీ పని లేని రోజుకి పైసా రాదు. నాది రెండోది. 2025లో కనీస రేటు గంటకు 30.50 జ్లోటీలు, ఏజెంటు దాన్ని నెల గంటలతో గుణించి, రూపాయల్లోకి మార్చి, అదే చేతికొచ్చే జీతమని చెప్పాడు. అది బ్రూట్టో, అంటే కోతలకి ముందు లెక్క. నెట్టో, అంటే కోతలు పోగా చేతికొచ్చేది, ఎంతో అడగాలని నాకు తెలియలేదు.

ఫిబ్రవరిలో నాకు దొరికింది 112 గంటలు. స్లిప్‌లో 3,416 అని ఉంది, పన్ను, బీమాలు పోగా 2,400 చిల్లర, మంచానికి 900, ఫ్యాక్టరీ బస్సుకి 150 తీసేసుకుని 1,350 దాకా చేతిలో పెట్టారు. మన డబ్బుల్లో 29 వేలు. అందులోనే తిండి, అందులోనే ఇంటికి పంపడం, అందులోనే అప్పుల వడ్డీ. ఆ స్లిప్పు పట్టుకుని బస్టాపులో ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

వేరే కంపెనీలో వెల్డర్‌గా చేరిపోవచ్చు కదా అని అందరూ అడుగుతున్నారు. అక్కడ వెల్డర్లకి పని ఉంది, నన్ను టెస్టు చేసి ఓకే అన్న వర్క్‌షాప్ కూడా ఉంది. కానీ నా పర్మిట్ ఆ ఒక్క యజమానికి, ఆ ఒక్క పోస్టుకి కట్టేసి ఉంటుంది. కొత్త యజమాని కొత్త పర్మిట్ తీయించాలి, దానికి నెలలు పడుతుంది, ఈలోపు వీసా గడువు అయిపోతుంది. ఆ వర్క్‌షాప్ వాళ్ళు అన్నాళ్ళు ఆగలేమన్నారు.

డబ్బు కట్టబోయే వాళ్ళు ముందు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైటులో ఆ ఏజెంటు పేరుంటుందేమో చూడండి. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా విదేశీ ఉద్యోగాలకి మనుషుల్ని పంపకూడదు. రిజిస్టర్ అయిన ఏజెంటు కూడా మన దగ్గర తీసుకోదగిన సర్వీస్ ఛార్జీ 30 వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. నేను కట్టింది దానికి పన్నెండు రెట్ల పైనే. "హైదరాబాద్ వాళ్ళ లైసెన్స్ మీద చేస్తున్నాం" అంటే నమ్మకండి, ఆ హైదరాబాద్ ఆఫీసుకి మీరే ఫోన్ చేసి ఈ బ్రాంచి మీదేనా అని అడగండి. నేను అడగలేదు. గల్ఫ్‌కైతే ఈసీఆర్ పాస్‌పోర్ట్ (మామూలుగా పదో తరగతి పాసవని వాళ్ళకిచ్చేది) వాళ్ళకి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అని ఒక అడ్డం ఉంటుంది, పోలండ్‌కి అది లేదు. అందుకే ఇలాంటి వాళ్ళకి యూరప్ సులువైపోయింది.

కంపెనీని కూడా వెతకండి. ప్రతి పోలిష్ కంపెనీకి పది అంకెల పన్ను నంబరుంటుంది, దాన్ని నిప్ అంటారు. దానితో ఆన్‌లైన్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. మనుషుల్ని సప్లై చేసే ఏజెన్సీ అయితే క్రాజ్ అనే వాళ్ళ ప్రభుత్వ జాబితాలో ఉండాలి. మీకొచ్చిన వీసా సి టైపు అయితే అది 180 రోజుల్లో 90 రోజులకి మించి ఉండనివ్వదు. రెండేళ్ళ ఉద్యోగమని చెప్పి సి వీసా చేతిలో పెడితే అక్కడే ఆగిపోండి.

ఇప్పటికే అక్కడున్న వాళ్ళకి ఒక మాట. జీతం ఎగ్గొట్టినా, గంటలు తక్కువ రాసినా అక్కడి లేబర్ ఇన్‌స్పెక్షన్‌కి, పీఐపీ అంటారు, ఫిర్యాదు చేయొచ్చు. డబ్బు కట్టక్కర్లేదు, ఎవరు ఫిర్యాదు చేశారో మీరు ఒప్పుకోకుండా యజమానికి చెప్పరు. నాకు ఈ సంగతి ఏడో నెలలో ఒక ఉక్రెయిన్ ఆవిడ చెప్పింది. పాస్‌పోర్ట్ మాత్రం ఎవరు అడిగినా వాళ్ళ దగ్గర ఉంచకండి.

వచ్చాక పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాను. ఎస్సై గారు ఓపిగ్గానే విన్నారు, ఆధారాలు తెమ్మన్నారు. నా దగ్గరున్నవి ఆ 50 వేల ఫోన్‌పే, వాట్సాప్ మెసేజీలు, కొన్ని కాల్ రికార్డింగులు. మిగిలిన 4 లక్షలకి నా నోటి మాట తప్ప ఏమీ లేదు.

ఇదంతా ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, మా పిన్ని కొడుక్కి కూడా వేరే ఆఫీసు నుంచి పోలండ్ పర్మిట్ వచ్చింది. వాడూ వెల్డరే. వచ్చే సోమవారం లక్షన్నర కట్టాలి, పిన్ని డబ్బు సర్దేసింది కూడా. నిన్న రాత్రి కాగితం నాకు పంపమన్నాను. ఫోన్‌లో పెద్దది చేసుకుని నేరుగా ఆ వరసకే వెళ్ళి చూశాను. స్తనోవిస్కో పక్కన ప్రాత్సోవ్నిక్ ప్రొదుక్త్సీ అనే ఉంది. వాడికి ఫోన్ చేసి చెప్పాను, పొద్దున్నే పిన్నిని తీసుకుని మా ఇంటికి వస్తున్నాడు.