లవ్‌బర్డ్స్‌కి డీఎన్‌ఏ టెస్ట్, విజయనగరం నుంచి ఈకలు పంపితే ఎలా ఉందంటే

పక్షులు పెంచేవాళ్లు మన విజయనగరంలో చాలామంది అడుగుతున్నారని రాస్తున్నా. పీచ్‌ఫేస్ లవ్‌బర్డ్స్‌లో మగా ఆడా చూడ్డానికి ఒకేలా ఉంటాయి, నడుం కింద ఎముకలు తడిమి చెప్పేవాళ్లున్నారు గానీ అది నమ్మకం లేదు, జతలో రెండూ ఆడవే పడ్డాయనుకోండి, రెండూ గుడ్లు పెట్టేసి రోజుల తరబడి పొదుగుతానే ఉంటాయి, ఒక్క పిల్లా రాదు. పాపం, చూళ్లేం.

అందుకే ఈకలతో ఆడా మగా తేల్చే డీఎన్‌ఏ టెస్టు చేయించా. ల్యాబ్‌వాళ్లు పంపిన కిట్‌లో ఒక్కో పక్షికి ఒక్కో కాగితం కవరు ఇచ్చారు. రాలిపోయిన ఈకలు పనికిరావు, ఛాతీ మీద అప్పటికప్పుడు తీసిన చిన్నీకలు కావాలి, ఎందుకంటే డీఎన్‌ఏ దొరికేది ఈక మొదట్లో, ఆ తెల్లటి గొట్టం కొసకి అంటుకున్న కణాల్లో, అక్కడ వేలు తగలనివ్వకండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమ్మకి పాడైపోద్ది. ఇదంతా తెలుగులో కూడా ఇచ్చుంటే బావుణ్ను.

రిపోర్టులో ఒక్కో పక్షికి ‘మేల్’ అనో ‘ఫిమేల్’ అనో ఒక్క ముక్క రాసి పంపేశారు, అది నాకు నచ్చలేదు. జెల్ ఫోటో, అంటే డీఎన్‌ఏ ముక్కలు పొడవుని బట్టి గీతలుగా కనపడే ఫోటో, అడిగితే మాత్రం వెంటనే పెట్టారు. ఒక పక్షికి ఒక్క గీత, ఇంకోదానికి రెండు. పక్షుల్లో ఆడా మగా తేల్చేవి జెడ్, డబ్ల్యూ అనే క్రోమోజోములు. సీహెచ్‌డీ అనే జీన్ జెడ్ మీద ఒక పొడవు, డబ్ల్యూ మీద ఇంకో పొడవు వస్తుంది, మగదానికి రెండూ జెడ్‌లే కాబట్టి ఒకటే గీత, ఆడదానికి రెండు రకాలూ ఉంటాయి కాబట్టి రెండు గీతలు. అది కళ్లతో చూశాక ఇంక అనుమానం లేదు.

టెక్కలిలో ఉండే మా బావ, అక్కడికి దగ్గర్లోని తేలినీలాపురానికి వచ్చే పెలికాన్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో దీంతో తెలుస్తుందా అనడిగాడు. సైబీరియా నుంచని మన దగ్గర అందరూ అంటారు గానీ ఈ రకం పెలికాన్ ఉండేదే దక్షిణాసియా, ఆగ్నేయాసియా వైపు. ల్యాబ్‌వాళ్లని అడిగితే, మా టెస్టు ఆడా మగా వరకే అండీ అని సూటిగా చెప్పారు, ఆ నిజాయితీ నాకు బాగా నచ్చింది. ఎక్కడి నుంచి వచ్చాయో తేలాలంటే మైక్రోశాటిలైట్లని మళ్లీమళ్లీ వచ్చే చిన్న డీఎన్‌ఏ ముక్కలు చాలా చోట్ల చదవాలి, వేరేవేరే కాలనీల్లో పక్షులతో పోల్చాలి, తల్లి నుంచే వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ కూడా చూడాలి. చాలా పక్షుల్లో పుట్టిన చోటు వదిలి ఎక్కువ దూరం పోయేది ఆడవే, అందుకే ఆ పరిశోధనల్లో కూడా ముందు ఈ ఆడా మగా టెస్టు చేస్తారట. అంతేగానీ తేలినీలాపురం చెట్ల కింద ఈకలు ఏరి పంపకండి, ఫారెస్టోళ్ల పర్మిషన్ లేకుండా అది చెయ్యకూడదు.

లవ్‌బర్డ్స్ జతకట్టే ముందైతే పెట్టిన డబ్బుకి న్యాయం. కవరు మీద పక్షి కాలికున్న రింగ్ నంబరు తప్పకుండా రాయండి. రామచిలకలకి మాత్రం వద్దు, 1972 వన్యప్రాణి చట్టం కింద వాటిని ఇంట్లో పెంచడమే నేరం.