మయల్ క్రీక్‌కు బాపుతో వెళ్లిన మూడు రోజులు

తొమ్మిదేళ్లుగా సిడ్నీలో ఉద్యోగం చేస్తున్నాను. మా ఆఫీసులో ఏ పెద్ద సమావేశం మొదలైనా, ఈ నేలకు మొదటి హక్కుదారులైన ఆదివాసులకు, వారి పెద్దలకు గౌరవం తెలుపుతూ ఎవరో ఒకరు నాలుగు వాక్యాలు చదువుతారు. ఆ వాక్యాలు నాకు కంఠతా వచ్చు గానీ, అవి ఎవరి గురించినవో ఒక్కనాడూ ఆలోచించలేదు. గత జూన్‌లో మయల్ క్రీక్ స్మారక సభకు వెళ్లి వచ్చాక అవి వినబడితే చేతిలో పని ఆగిపోతోంది. దారిలో ఒక మోటెల్‌లో మోసపోయిన బాధ కూడా ఇంకా తగ్గలేదు కాబట్టి, వెళ్లదలచిన వారికి రెండూ చెప్పాలని ఇది రాస్తున్నాను.

మయల్ క్రీక్ న్యూ సౌత్ వేల్స్ ఉత్తరాన, బింగరా అనే చిన్న ఊరికి ఇరవై కిలోమీటర్లకు కాస్త పైన ఉంది. 1838 జూన్ 10 సాయంత్రం అక్కడి పశువుల క్షేత్రంలో తలదాచుకున్న విరయరాయ్ ఆదివాసులను, దాదాపు 28 మందిని, పన్నెండు మంది పశువుల కాపరులు తాడుకు కట్టి తీసుకుపోయి నరికి చంపారు. చనిపోయిన వారిలో ఎక్కువ మంది ఆడవారు, పిల్లలు, ముసలివారు. ఏటా జూన్‌లో వచ్చే మూడు రోజుల సెలవుల్లో ఆదివారం నాడు అక్కడ సభ జరుగుతుంది.

శుక్రవారం ఆఫీసు కాగానే నేను, నా భార్య, ఆదిలాబాద్ జిల్లా ఉట్నూర్ నుంచి మమ్మల్ని చూడవచ్చిన మా నాన్న, బాపు, కారులో బయలుదేరి, నాలుగు వందల కిలోమీటర్లు దాటి రాత్రి పదిన్నరకు టామ్‌వర్త్ చేరాము. ముగ్గురికి మూడు మంచాలున్న గది అని చూసి, 189 డాలర్లకు ముందే ఖాయం చేసుకున్న మోటెల్ అది. తలుపు తీస్తే ఉన్నది ఒకటే డబుల్ మంచం, గోడకు ఆనించిన ఒక మడత మంచం. ఆ మడత మంచానికి వేరుగా 30 డాలర్లు, కార్డు వాడినందుకు ఒకటిన్నర శాతం కలిపి మొత్తం 222 డాలర్ల 29 సెంట్లు తీసుకున్నారు. డబ్బు పోయినా ఓర్చుకునేవాణ్ణి. హీటర్ మీట నొక్కితే ఎర్ర దీపం వెలిగిందే తప్ప వేడి రాలేదు. బయట చలి సున్నాకు దిగింది. ఆఫీసు గది కిటికీ మీద రాసిన నంబరుకు నాలుగుసార్లు ఫోన్ చేసినా ఎవరూ ఎత్తలేదు. డెబ్బయ్యొకటో ఏట ఉన్న బాపు మంకీ టోపీ, రెండు స్వెటర్లు వేసుకుని, మా దుప్పటి కూడా కప్పుకుని తెల్లవార్లూ కూర్చునే ఉన్నారు. నా భార్య కెటిల్‌లో నీళ్లు కాచి, సీసాలో పోసి, తువ్వాలు చుట్టి ఆయన పాదాల దగ్గర పెడుతూ ఉండిపోయింది.

పొద్దున అడిగితే, గదిలో హీటర్ ఉంటుందని చెప్పాము గానీ వెచ్చగా ఉంటుందని రాసివ్వలేదని మేనేజర్ జవాబిచ్చాడు. పైసా వెనక్కి ఇవ్వలేదు. నాకు కోపం వచ్చిన దానికన్నా, ఇంత దూరం తండ్రిని తెచ్చి చలిలో కూర్చోబెట్టానే అన్న సిగ్గు ఎక్కువైంది. సెలవుల్లో ఆ దారిన వెళ్లేవారు గది బేరం చేసుకునే ముందే మంచాల లెక్క, హీటర్ సంగతి ఫోన్‌లో అడిగి, ఆ జవాబును రాతలో పంపమని పట్టుబట్టాలి.

శనివారం మనిల్లా, బరాబా మీదుగా రెండు గంటల దారి హాయిగా సాగింది. బింగరాలో మేము దిగిన కేబిన్ రాత్రికి 140 డాలర్లు. చిన్నదే అయినా వెచ్చగా ఉంది. బాపు దగ్గు విని యజమానురాలు అడగకుండానే రెండు కంబళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ సాయంత్రం గ్రీకు వలసదారులు 1936లో తెరిచిన రాక్సీ థియేటర్‌ను చూసి, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిని పడుకున్నాము.

ఆదివారం పొద్దున మేము చేరేసరికే రోడ్డు పక్కన కార్లు బారులు తీరి ఉన్నాయి. టికెట్టు లేదు, పార్కింగ్ రుసుము లేదు. పచ్చి యూకలిప్టస్ ఆకులను నిప్పుల మీద వేసి పొగపెట్టి, వచ్చిన ప్రతి ఒక్కరినీ ఆ పొగలోంచి నడిపించారు. బాపు పొగను రెండు చేతులా కళ్లకు అద్దుకున్నారు, గుడిలో హారతి తీసుకున్నట్టు. ఎవరూ చెప్పకుండానే ఆయన అలా చేయడం చూసి పక్కనున్న ఆదివాసి పెద్దాయన తల ఊపి, ఆయన మోచేయి పట్టుకుని తనతో నడిపించుకు వెళ్లాడు.

కొండ మీద దాదాపు ఆరు వందల మీటర్ల ఎర్రమట్టి బాట మెలికలు తిరుగుతూ వెళుతుంది. బాట పొడవునా ఏడు గ్రానైట్ బండలు, ఒక్కో బండ మీద జరిగిన కథలో ఒక్కో భాగం ఇంగ్లీషులోనూ, అక్కడి గమిలరాయ్ భాషలోనూ ఉంది. ప్రతి బండ దగ్గరా జనం ఆగితే ఒక బడిపిల్లవాడో, పిల్లో ముందుకొచ్చి చదివారు. ఒక పాప ఒక మాట దగ్గర తడబడితే వెనక నుంచి ఒక ముసలామె ఆ మాటను మెల్లగా అందించింది. 2005లో ఎవరో ఈ ఫలకాల మీద ‘హత్య’, ‘స్త్రీలు’, ‘పిల్లలు’ అన్న మాటలను సుత్తితో చెరపబోయారట, తర్వాత బాగుచేశారు. నేను వేలితో ఆ అక్షరాలను తడిమి చూశాను.

నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం ఆ కథలోని జార్జ్ ఆండర్సన్. అక్కడి గుడిసెను చూసుకునే శిక్షాఖైదీ అతడు, అంటే బ్రిటన్ నుంచి శిక్షగా ఇక్కడికి పంపినవాడు. హత్యకు తోడు రానన్నాడు, తర్వాత కోర్టులో నిలబడి సాక్ష్యం చెప్పాడు. మొదటి విచారణలో నిందితులందరినీ వదిలేశారు. రెండో విచారణలో ఏడుగురికి శిక్షపడి, 1838 డిసెంబర్ 18న ఉరి తీశారు. చంపిన ముఠాలో ఎన్నడూ ఖైదీ కాని ఒకే ఒక్కడు, జాన్ ఫ్లెమింగ్, చివరిదాకా దొరకలేదు.

బాట చివర పెద్ద బండ దగ్గర, ఆనాడు బతికి బయటపడిన వారి వంశీకులు, చంపిన వారి వంశీకులు పక్కపక్కన నిలబడ్డారు. 2000 జూన్ 10న ఈ స్మారకాన్ని ప్రారంభించినప్పుడూ ఇరువైపుల వాళ్లు కలిసే నిలబడ్డారు. బాపు నా చెయ్యి గట్టిగా పట్టుకుని, “సచ్చినోళ్ల మనుమలు, సంపినోళ్ల మనుమలు ఒక్కకాడ నిలబడ్డరా బిడ్డా?” అని రెండుసార్లు అడిగారు. అవునన్నాను. ఆయన ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

ఆయన మౌనం నాకు అర్థమైంది. 1981 ఏప్రిల్ 20న, సోమవారం అంగడి రోజున, మా ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో గోండు ఆదివాసుల సభ మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలో చనిపోయినవారు 13 మంది. అంతకన్నా చాలా ఎక్కువేనని ఊళ్లవాళ్లు అంటారు. అప్పుడు బాపు పక్క ఊళ్లో కొత్తగా చేరిన పంతులు. ఆయన బడిలోని ఇద్దరు అన్నదమ్ముల తండ్రి ఆ రోజు అంగడికి పోయి తిరిగి రాలేదు. తర్వాత చాలా ఏళ్లు, ఆ తేదీన అక్కడి అమరుల స్తూపం దగ్గరికి జనాన్ని నిర్బంధం లేకుండా పోనివ్వలేదు. ఇక్కడ గవర్నమెంటు వాళ్లు కూడా వచ్చి దండం పెడతారా అని బాపు ఆ పెద్దాయనను అడగమన్నారు. నేను అడిగాను. కొందరు వస్తారని, రావడం మొదలయ్యేదాకా తామే వచ్చేవాళ్లమని ఆయన చెప్పాడు.

సభ తర్వాత మెమోరియల్ హాలులో టీ, శాండ్‌విచ్‌లు పెట్టారు. తోచినంత డబ్బాలో వేయడమే; మేము 50 డాలర్లు వేశాము. ఆ మోటెల్‌కు ఇచ్చిన 222 డాలర్లు గుర్తొచ్చి, ఇంకా వేయవలసింది అనిపించింది. అక్కడే ఒకామె 2023 అక్టోబర్ 14 నాటి ఓటింగ్ మాట ఎత్తింది. ఆదివాసుల మాటకు రాజ్యాంగంలో చోటివ్వాలన్న ప్రతిపాదన ఆ రోజు ఓడిపోయింది. అప్పటికి కొత్తగా పౌరసత్వం వచ్చి, ఆ ఓటు దేనికో సరిగా చదవకుండానే వేసి వచ్చానని ఆమెతో ఒప్పుకున్నాను. ఆమె నొచ్చుకోలేదు, వచ్చే ఏడాది పిల్లలున్న స్నేహితులను తీసుకురమ్మంది.

ఆదివాసి సంస్కృతిని మొదటిసారి చూసేవారికి జనవరి 26న సిడ్నీ విక్టోరియా పార్కులో జరిగే యాబున్ ఉత్సవం సులువు: ప్రవేశం ఉచితం, రైలు దిగి నడిచిపోవచ్చు, ఆటపాటలుంటాయి. మే 27 నుంచి జూన్ 3 వరకు సాగే సయోధ్య వారంలో (రికన్సిలియేషన్ వీక్) చాలాచోట్ల కార్యక్రమాలు ఉంటాయి. అవన్నీ మంచివే. అయినా ఒక్కదానికే వీలైతే మయల్ క్రీక్‌నే ఎంచుకోమంటాను, పన్నెండు వందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం, 171 డాలర్ల పెట్రోలు అయినా సరే. ఏప్రిల్‌లోనే బింగరాలో గది పట్టుకోండి, టామ్‌వర్త్‌లో ఆగకండి, పెద్దవాళ్లు వెంట ఉంటే మడత కుర్చీ, కంబళి తప్పక పెట్టుకోండి.

ఆ చివరి బండ మీద గమిలరాయ్‌లో ‘న్గియాని వినంగై గనుంగ’ అని ఉంది. వాళ్లను మేము గుర్తుంచుకుంటాము అని దాని అర్థం. సోమవారం తిరుగు ప్రయాణంలో బాపు వెనక సీట్లో కూర్చుని, నా ఫోన్‌లోని ఫొటోను వేళ్లతో పెద్దది చేసి, ఆ మూడు మాటలను తన డైరీలో తెలుగు అక్షరాలతో రాసుకున్నారు. దాని కిందనే, మరో గీత గీసి, ఏప్రిల్ 20 అని రాశారు.