నో డ్యూస్ లెటర్ చూసి ఫ్లాట్‌కి అడ్వాన్స్ ఇచ్చేయకండి

తిరుపతిలో సెకండ్ హ్యాండ్ ఫ్లాట్ చూస్తున్నవాళ్లు ఇది చదివాకే డబ్బు బయటికి తీయండి. నాకు అయిదు లక్షలు ఇచ్చాక తెలిసింది.

తిరుచానూరు రోడ్డు వైపు, 302 నంబరు ఫ్లాట్. అమ్మే ఆయన "లోన్ ఎప్పుడో కట్టేశాను సార్" అని, బాకీ ఏమీ లేదని బ్యాంకు ఇచ్చిన నో డ్యూస్ లెటర్ చూపించాడు. సీలు, సంతకం అన్నీ ఉన్నాయి. ఇంకేం కావాలి అనుకున్నాను. తీరా నా లోన్ కోసం ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) తీస్తే, ఆయన పేరున 'డిపాజిట్ ఆఫ్ టైటిల్ డీడ్స్' అని, అంటే ఫ్లాట్ పత్రాలు బ్యాంకులో తాకట్టు పెట్టినట్టు, ఒక ఎంట్రీ ఉంది. బాకీ తీరింది గానీ తాకట్టు అలాగే ఉంది. మా బ్యాంకు ఫైలు పక్కన పెట్టేసింది.

రిజిస్టరైన తాకట్టు లెటర్‌తో పోదు. బ్యాంకు అధికారి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వచ్చి రిలీజ్ డీడ్ (తాకట్టు విడిపించే పత్రం) మీద సంతకం పెట్టాలి. ఆ ఒక్క సంతకానికి ఏడు వారాలు తిరిగాం. సారు లీవు, తర్వాత సారు ట్రాన్స్‌ఫర్, తర్వాత ఫైలు ఇంకో ఆఫీసులో ఉందన్నారు.

చివరికి రిజిస్టరైంది. పాత ఎంట్రీ ఈసీలోంచి చెరిగిపోదు, దాని కింద రిలీజ్ ఎంట్రీ కనిపించాలి. మాకు కనిపించలేదు. డీడ్ తెచ్చి చూస్తే ఫ్లాట్ నంబరు 203 అని టైపయ్యింది! కింద అంతస్తులో ఉండే పెద్దావిడకు, ఆమె తీసుకోని లోన్ తీరిపోయిందన్నమాట. మళ్లీ సవరణ పత్రం, మళ్లీ అదే సారు కోసం ఎదురుచూపు. బ్రహ్మోత్సవాల ముందు అనుకున్న గృహప్రవేశం కార్తీకంలో జరిగింది. అన్నాళ్లూ కొర్లగుంటలో అద్దె కడుతూనే ఉన్నాను.

లోన్ పూర్తిగా తీరాక 30 రోజుల్లో ఒరిజినల్ పత్రాలు ఇచ్చి, రిజిస్టర్‌లో తాకట్టు తీయించాలని ఆర్‌బీఐ 2023 సెప్టెంబర్‌లో చెప్పింది. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు ఇవ్వాలి. ఆ ఏడాది డిసెంబర్ 1 నుంచి ఇది అమల్లో ఉంది. కానీ అడగాల్సింది లోన్ తీసుకున్న ఆయన. మాకు అమ్మే ఆయనకేమో డబ్బు చేతిలో పడింది, తొందర లేదు. నేను అడిగితే "మీరెవరు?" అన్నారు కౌంటర్లో.

ఇంకో చిక్కు, రిజిస్టర్ చేయకుండా పత్రాలు మాత్రమే బ్యాంకులో పెట్టిన తాకట్టు ఈసీలో రాదు. అందుకే సెర్సాయ్‌లో (బ్యాంకు తాకట్లు నమోదయ్యే కేంద్ర రిజిస్ట్రీ) కూడా వెతికించండి, ఒరిజినల్స్ చేత్తో పట్టుకుని చూడండి. జిరాక్సులు వద్దు.

అగ్రిమెంట్‌లో మిగతా డబ్బు కట్టడానికి నాకు మూడు నెలల గడువు రాశారు, ఈ ఆలస్యమంతా ఆ గడువులోంచే పోయింది. రిలీజ్ ఎంట్రీ ఈసీలో కనిపించిన రోజు నుంచే గడువు మొదలవుతుందని మీరు రాయించుకోండి.