తొలి బీరు కిట్: ఎక్స్‌ట్రాక్ట్ డబ్బా మేలా, మాల్ట్ గింజలు మేలా?

ఇంట్లో బీరు తయారు చేయాలనుకునేవారు తొలి కిట్ కొనే ముందు అడిగే ప్రశ్న దాదాపు ఒక్కటే: హాప్స్ (బీరుకు చేదు, పరిమళం ఇచ్చే పూలు) కలిపిన మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, అంటే మాల్ట్, నుంచి తీసిన చిక్కటి పాకం) డబ్బాతో మొదలుపెట్టాలా, లేక మాల్ట్ గింజల నుంచే వోర్ట్ (బీరుగా పులియబెట్టే తియ్యటి ద్రవం) తీసే చిన్న కిట్ తీసుకోవాలా? ఈ మధ్య ఒక మిత్రుడికి కిట్ ఎంపిక చేయవలసి వచ్చి, నేను కూడా ఈ రెండింటి మధ్య చాలాసేపు తటపటాయించి, చివరకు డబ్బా కిట్టే ఇప్పించాను. పని తేలిక అన్నది దానికి అసలు కారణం కాదు.

గింజల కిట్ మీద నాకు మక్కువ ఎక్కువన్న మాట ముందే చెప్పాలి. బరకగా పట్టించిన మాల్ట్‌ను 65–68 డిగ్రీల సెల్సియస్ నీటిలో గంటసేపు ఉంచితే అందులోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరలుగా మారుస్తాయి. ఆ వేడి కాస్త తగ్గితే ఈస్ట్‌కు సులువుగా లొంగే చక్కెరలు పెరిగి బీరు పలుచబడుతుంది, కాస్త పెరిగితే చిక్కదనమూ కొంత తీపీ మిగులుతాయి. ఆ తర్వాత వోర్ట్‌ను మరిగించేటప్పుడు హాప్స్‌ను మొదట్లో వేస్తే చేదు, చివర్లో వేస్తే పరిమళం వస్తాయి. డబ్బాలో ఇవన్నీ తయారీదారు ముందే తేల్చేసి ఉంటారు గనుక, బీరు ఎలా రూపుదిద్దుకుంటుందో తెలుసుకోవాలన్న కుతూహలం ఉన్నవారికి అది వెలితిగానే తోస్తుంది.

అయితే కొత్తవారి బీరు ఎక్కువగా చెడిపోయేది వోర్ట్ దగ్గర కాదు, పులిసే దశలో. ఏల్ (గది వేడికి దగ్గరగా పులిసే బీరు రకం) తయారీకి వాడే సాధారణ ఈస్ట్‌కు 18–22 డిగ్రీలు అనుకూలం. పులియడం ఊపందుకున్నాక ఆ ద్రవమే వేడిని పుట్టిస్తుంది కాబట్టి, గది 22 డిగ్రీలు ఉంటే ఫెర్మెంటర్ (పులియబెట్టే పాత్ర) లోపల అంతకంటే కొన్ని డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. ఆ వేడిలో ఈస్ట్ ఘాటైన ఫ్యూజెల్ ఆల్కహాళ్లను విడుదల చేస్తుంది. గొంతులో మంటగా తగిలే ఆ రుచి సీసాల్లో ఎన్నాళ్లు నిల్వ ఉంచినా పూర్తిగా పోదు. మొదటి రెండు మూడు రోజుల్లోనే చాలావరకు తేలిపోయే విషయమిది. నాలుగైదు లీటర్ల బీరు కోసం నాలుగైదు గంటలు పొయ్యి దగ్గర నిలబడి అలసిపోయిన మనిషి, వోర్ట్ ఇంకా గోరువెచ్చగా ఉండగానే ఈస్ట్ చల్లేసి పడుకోవడం సహజం. నేను స్వయంగా అలా చేసి ఒక విడత మొత్తం పారబోశాను. 1.7 కిలోల డబ్బాతో 23 లీటర్లు చేసేటప్పుడు పని గంటలో ముగుస్తుంది, కాచి చల్లార్చిన నీటితోనే వేడిని దింపుకోవచ్చు, మిగిలిన శ్రద్ధంతా ఫెర్మెంటర్ మీద పెట్టవచ్చు.

గింజల కిట్ పక్షాన గట్టి వాదన ఒకటుంది: చిన్న జాడీని నీళ్ల తొట్టిలో పెట్టి చల్లబరచడం సులువు. నిజమే, కానీ ద్రవం తక్కువైనకొద్దీ గది వేడి మారినప్పుడల్లా అదీ త్వరగా మారిపోతుంది. 23 లీటర్లు నిలకడగా ఉంటాయి, తడిగుడ్డ చుట్టి వెడల్పాటి తొట్టిలో నిలిపితే అదుపులోకీ వస్తాయి. గది వేడి 30 డిగ్రీలకు తగ్గని చోట, ఏ కిట్ తీసుకున్నా అందులోని ఈస్ట్‌ను పక్కనపెట్టి, ఆ వేడిలోనూ శుభ్రంగా పులిసే నార్వే పల్లెల క్వైక్ ఈస్ట్ వాడడం మంచిది.

డబ్బా కిట్‌లో మూడు లోపాలున్నాయి, మూడింటినీ సరిదిద్దవచ్చు. సూచనల కాగితంలో ఉండే కిలో చక్కెర బీరును నీరసపరుస్తుంది. దాని బదులు పొడి మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ వేయాలి. పాతబడిన డబ్బాలోని పాకం నల్లబడి రుచి తప్పుతుంది కనుక తేదీ చూసి కొనాలి. మూత కింద వచ్చే ఈస్ట్ పొట్లం తరచూ చిన్నది, అది ఎలా నిల్వ ఉందో మనకు తెలియదు. 11 గ్రాముల తాజా పొట్లం విడిగా తెచ్చుకోవాలి.

ఎక్స్‌ట్రాక్ట్‌తో పాటు కొద్దిగా గింజలు నానబెట్టి, హాప్స్ మనమే మరిగించే మధ్యరకం కిట్లు కూడా ఉన్నాయి. రెండో విడతకు బాగుంటాయి. సీసాలకు బదులు బీరు నింపుకునే ఒత్తిడి పీపాలు ప్రస్తుతానికి అనవసరం.

సీసాల్లో నింపే పని రెండు కిట్లలోనూ ఒకటే: హైడ్రోమీటర్ (ద్రవ సాంద్రతను కొలిచే సాధనం) రెండు మూడు రోజుల వ్యవధిలో ఒకే అంకె చూపించాకే, సీసాలో గ్యాస్ పుట్టేందుకు లీటరుకు 6–7 గ్రాముల చక్కెర చొప్పున వేసి మూత బిగించాలి, పులియడం పూర్తికాకుండా బిగిస్తే సీసాలు పగిలే ప్రమాదముంది. డబ్బాతో రెండు విడతలు 20 డిగ్రీల దగ్గర నిలిపి సాఫీగా పులియబెట్టగలిగినవారు గింజల కోసం మరో కిట్ కొననక్కరలేదు. ఒక పెద్ద గిన్నె, గింజలు వేసే వలసంచి, థర్మామీటర్ తెచ్చుకుంటే మిగతాదంతా ఆ పాత ఫెర్మెంటర్‌లోనే సాగుతుంది.